యాదయ్య చేతి కొలత

"గట్ల పడితె తెగది బిడ్డా. బొటనేలు మీద జోరు పెట్టకు. అరచెయ్యి అడుగున మెత్తగ ఉంటది సూడు, గాడ ఆనిచ్చి నూకు. ఆఁ, గిప్పుడు మూసుకున్నది. నీ బలమేం పెరగలే. బలం పెట్టే జాగా మారింది, గంతే."

పెద్దులు చెబుతున్నది కత్తెర గురించి. గొర్రెల ఉన్ని కత్తిరించే పెద్ద ఇనుప కత్తెర అది. బొటనవేలు పెట్టే రింగుకు ఒక ఇనుప పట్టీ బోల్టుతో బిగించి ఉంది. ఆ పట్టీ వంపు తిరిగి అరచేతి కిందికి వస్తుంది. దాని చివర మోటారు సైకిలు హ్యాండిలుకు ఉండే నల్ల రబ్బరు తొడుగు. మిగతా నాలుగు వేళ్ళూ జారిపోకుండా రెండో రింగుకు ఒక తోలు పట్టా. చూడగానే కత్తెరకు ఏదో జంతువు తోక అతికించినట్టుంటుంది.

ఎదురుగా గొంగడి మీద కూర్చున్న మనిషి నిజానికి వచ్చింది గొంగళ్ళ గురించి అడుగుదామని. గూట్లో ఉన్న ఈ కత్తెర మీద చూపు పడ్డాక గొంగళ్ళ మాట వెనక్కి పోయింది. అదేమిటని అడిగితే పెద్దులు ముందు సరిగ్గా జవాబివ్వలేదు, పాడైన సామాను అన్నాడు. లోపల పొయ్యి దగ్గర ఉన్న గుర్వమ్మ అక్కడి నుంచే అందుకుంది.

"పాడైంది సామాను గాదు. తీసి సూపెట్టు."

భార్య మాటకు పెద్దులు కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత లేచి కత్తెర తెచ్చి చేతికిచ్చాడు. ఇచ్చాక ఇక ఆపలేదు, చీకటి పడే ముందు కోస్గికి వెళ్ళే ఆఖరి ఆటో వేళ దాకా చెబుతూనే ఉన్నాడు. ఎదుటి మనిషి ముఖం చూసి చెప్పలేదు. చెప్పినంతసేపూ చూపు దొడ్లో గొర్రెల మీదే ఉంది.

వాళ్ళ ఊరు కోస్గి అవతల, రాళ్ళ గుట్టల మధ్య ఉంటుంది. వాన పడితే జొన్న, కంది. పడకపోతే గొర్రెలే. పెద్దులు తాత కాలం నుంచీ మంద ఉంది. ఎండాకాలం మేత లేక మందలను తోలుకుని కృష్ణ ఒడ్డు పట్టుకుని నందికొండ ఆనకట్ట వెనక నీళ్ళ దాకా పోయిన ఏళ్ళున్నాయి. ఆ పోకల్లోనే తండ్రి అతనికి కత్తెర పట్టడం నేర్పాడు. మొదట చచ్చిన గొర్రె తోలు మీద, ఆ తర్వాత కదలని ముసలి పొట్టేలు మీద. తోలుకూ ఉన్నికీ మధ్య కత్తెర నీళ్ళ మీద ఆకు పోయినట్టు పోవాలని ఆ తండ్రి చెప్పేవాడట. గాటు పడితే కొట్టేవాడు కాదు. గాటు పడ్డ చోట పసుపు తనే అద్ది, ఆ గొర్రెను సాయంత్రం దాకా కొడుకు కళ్ళ ముందే కట్టేసేవాడు.

అలా నేర్చుకున్న పని కాబట్టి పెద్దులు కత్తిరించిన గొర్రెను ఎండలో నిలబెట్టి చూసినా ఒంటి మీద మెట్టు కనపడేది కాదు. మిగతావాళ్ళ గొర్రెల మీద ఉన్ని మెట్లు మెట్లుగా మిగిలేది, దుక్కి దున్నిన చెలకలాగా. పక్క ఊళ్ళవాళ్ళు సైతం మందలో ఒక గొర్రెను చూసి, ఇది పెద్దులు చెయ్యి అని పోల్చేవాళ్ళు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నలుగురిలో కూర్చుంటే చివరన కూర్చుంటాడు. 'పెద్దులు చెయ్యి' అన్న ఆ ఒక్క మాట చాలు అతనికి.

ఉన్ని కత్తిరింపుకు వాళ్ళ ఊళ్ళో కూలి లేదు. బదులే. ఇవాళ నీ మందకు నా చెయ్యి, రేపు నా మందకు నీ చెయ్యి. దసరా పోయాక ఒకసారి, వానలకు ముందు ఒకసారి, గొర్రెలను వాగులో కడిగి ఆరబెట్టి వరుసగా అందరి మందలూ కత్తిరిస్తారు. మంద ఎవరిదైతే వాళ్ళింట్లో ఆ పూట కూర, కల్లు. ఇక కత్తెర పట్టలేనివాడు ఉంటాడు, ముసలితనం వచ్చినవాడో, చెయ్యి విరిగినవాడో. అతను గొర్రె ముందుకాళ్ళు కడతాడు, ఆడవాళ్ళతో కలిసి నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని వేరుచేస్తాడు. అతని మందను విడిచిపెట్టరు. అందరూ పోయి కత్తిరించి వస్తారు. కాని అది బదులు కిందికి రాదు. ఊరికె చేసి వచ్చినం అంటారు. అనేవాళ్ళ మనసులో ఏమీ ఉండదు. వినేవాడికే ఆ 'ఊరికె' అన్న మాట గుచ్చుకుంటుంది.

కరోనా పోయిన మరుసటేడు ఊరంతా కీళ్ళ జ్వరాలు వచ్చాయి. అందరికీ తగ్గాయి. పెద్దులుకు జ్వరం తగ్గింది గాని కుడిచేతి బొటనవేలి మొదలు దగ్గర వాపు ఉండిపోయింది. మహబూబ్‌నగర్ దవాఖానకు పోతే గోలీలు ఇచ్చారు, వేడినీళ్ళలో చెయ్యి పెట్టమన్నారు. పెట్టాడు. వేలు వంగేది, కాని గట్టిగా నొక్కమంటే నొక్కేది కాదు. చూడ్డానికి చెయ్యి బాగానే ఉండేది. అతనికి అదే అనుకూలమయింది. చాయ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వేడిగా ఉన్నదనేవాడు. గుండీల అంగీలు మానేసి బనీన్ల మీద తిరిగేవాడు. సెల్లు మోగితే జేబులోంచి తీయలేక మోగనిచ్చి, తర్వాత గొర్ల కాడ ఉన్నాననేవాడు. అరవై దాటిన మనిషికి చెయ్యి నొప్పి అని చెప్పుకోవడంలో తప్పేముందని ఎవరైనా అనొచ్చు. అతని దగ్గర ఉన్నదే ఆ చెయ్యి. అది పోయిందంటే తన పేరు పోయినట్టే అనుకున్నాడు.

ఆ వానాకాలం దొడ్డి తలుపు మడతబందు ఊడితే కోస్గిలో జానీ వెల్డింగు దుకాణానికి పోయాడు. జానీ తుప్పు పట్టిన ఒక బోల్టుతో కుస్తీ పడుతున్నాడు. పానా వేసి తిప్పితే కదల్లేదు. పక్కనున్న పైపు ముక్క తీసి పానా కాడకు తొడిగాడు. ఈసారి రెండు వేళ్ళతో ఆడుకుంటున్నట్టు తిప్పితే బోల్టు కిర్రుమని కదిలింది. పెద్దులు చాలాసేపు ఆ పైపు ముక్కను చూస్తూ నిలబడ్డాడు. జానీ అది గమనించి, పైపు తొడిగితే పిల్లగాని చెయ్యి కూడా పహిల్వాన్ చెయ్యి అయితదని నవ్వాడు.

ఆ రోజు మడతబందు పని చేయించుకుని ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ అంగడి నాడు పోయి, దుకాణం ముందు నుంచి ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచి, చివరికి లోపలికి పోయి రుమాల్లో చుట్టుకుపోయిన కత్తెర బయటికి తీశాడు. బొటనవేలు చేసే పని అరచేతికి అప్పజెప్పేలా దీనికి ఏదన్నా తొడగొచ్చా అని అడిగాడు. జానీకి ఇలాంటివంటే ఉత్సాహం. కత్తెరను అటూ ఇటూ తిప్పి, పాత బండి హ్యాండిలు రబ్బరు ఉందని, ఇనుప పట్టీ వంచుతానని, గంటలో అయిపోయే పని అని చెప్పి అడిగాడు.

"ఎవరికి కాకా? చెయ్యి కొలత గావాలె గద."

ఆ అడగడంలో ఎకసెక్కం ఏమీ లేదు. పక్కన చాయ తాగుతున్న ఇద్దరు ముగ్గురు మాత్రం తలెత్తి చూశారు. పెద్దులు ముందుకు చాపబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని రుమాలు కింద పెట్టుకున్నాడు.

"మా బావకు. యాదయ్యకు. పాపం, చెయ్యి పట్టు తప్పింది."

యాదయ్య గుర్వమ్మకు అన్న. పెద్దులు కన్నా రెండేళ్ళు పెద్ద, రెండింతలు మనిషి. ఊళ్ళో అందరికన్నా పెద్ద మంద అతనిది. ఇద్దరూ ఒకర్నొకరు బావా అని పిలుచుకుంటూ, ఒకరి పని మీద ఒకరు ఎకసెక్కాలాడుకుంటూ ముసలివాళ్ళయ్యారు. ఆ పేరే నోటికెందుకు వచ్చిందో పెద్దులుకు ఇప్పటికీ తెలియదు. పేరు వస్తే వచ్చింది, ఆ 'పాపం' ఎందుకు తగిలించానో అంటాడు. ఇప్పుడు కూడా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు.

జానీ సంతోషించాడు. యాదయ్య దొడ్డి గేటు చేసింది తనేనట. ఆయన చెయ్యి చాట లెక్క ఉంటదని, కొలత తనకు ఎరుకే అని చెప్పి పని మొదలుపెట్టాడు. పెద్దులు చేతులు చిన్నవి, సన్నవి. ఆడపిల్ల చేతులని యాదయ్య వెక్కిరించేది వాటినే. పట్టీ వంచుతున్నప్పుడు అది తనకు పెద్దదవుతుందని కళ్ళ ముందే కనిపిస్తోంది. జర తగ్గించమని నోటిదాకా వచ్చింది. ఎందుకు తగ్గించాలో చెప్పాల్సి వస్తుందని మింగేశాడు.

ఇంటికి తెచ్చుకుని, దొడ్డి వెనక ఎవరూ చూడకుండా చేతికి తొడిగితే అనుకున్నట్టే వదులు. పాత గొంగడి చింపి పీలికలు చుట్టి బిగించాడు. ఒక పొట్టేలును పడుకోబెట్టి పక్క మీద కొంచెం కత్తిరించి చూశాడు. కత్తెర మూసుకుంది. బొటనవేలికి నొప్పి లేదు. ఉన్ని పొరలా విడిపోయి కింద పడింది. చానా నాళ్ళకు ఆ సప్పుడు విన్న అని ఇప్పుడు చెబుతూ, లేని కత్తెరను గాల్లో ఆడించి చూపించాడు. గుర్వమ్మ అప్పుడే గడ్డి వేయడానికి వచ్చి చూసింది. బాగానే ఉంది గాని వదులుంది, మళ్ళ పోయి సరిచేయించుకో అంది. ఆమెకు కొలత సంగతి తెలియదు. పోతానన్నాడు. పోలేదు.

దసరాకు ముందు ఒక పొద్దు యాదయ్య చెల్లెలింటికి తినడానికి వచ్చాడు. మనిషి మండిపోతున్నాడు. కోస్గి అంగడికి పొట్టేళ్ళను తోలుకుపోతే, బేరగాళ్ళు ముందు అతని చెయ్యి ఎలా ఉందని అడిగారట. ఒకడైతే చెయ్యి పట్టుకుని ఒత్తి చూశాడట. చెయ్యి పడిపోయింది గనుక మంద అంతా అమ్ముకుంటాడని, ఆగితే ఇంకా తక్కువకు వస్తుందని వాళ్ళలో వాళ్ళు అనుకుంటుంటే వినపడిందట. పొట్టేళ్ళను అమ్మకుండానే మళ్ళీ తోలుకొచ్చాడు. ఇంతకూ ఆ మాట పుట్టింది ఎక్కడని విచారిస్తే వెల్డింగు జానీ కాడ అన్నారు. జానీని అడుగుదామంటే ఆ రోజు దుకాణం మూసి ఉంది.

"నా చెయ్యికేమైంది సెల్లె? సూడు, సక్కగ లేదా? ఎవడు పుట్టిచ్చిండో నాకు దొరకాలె."

గుర్వమ్మ నవ్వి, చాటంత చెయ్యికి ఏమవుతదని అన్నం వడ్డించింది. పెద్దులు కంచంలో ముద్ద కలుపుతూనే ఉన్నాడు. అన్నం కలిసిపోయి, పేస్టులా అయిపోయి, ఇంకా కలుపుతున్నాడు. తలెత్తలేదు. బావా, నీ నోట్లె నాలిక లేదా, నువ్వన్న జెప్పు అని యాదయ్య అడిగితే, జనాలకేం పనిలేదు అన్నాడు. అంతే. అప్పుడే నిజం చెప్పి ఉంటే యాదయ్య తిట్టి ఊరుకునేవాడని పెద్దులు ఇప్పుడంటాడు. అప్పుడు మాత్రం, చెబితే ఆ రాత్రికే తన కత్తెర ఊరి నోట్లో పడుతుందని మాత్రమే తోచింది.

దసరా పోయింది. కత్తిరింపులు యాదయ్య మందతోనే మొదలయ్యాయి. కులదేవుడు బీరప్పకు టెంకాయ కొట్టి, మగవాళ్ళంతా వరుసగా ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. అలా కూర్చోవడం కూడా వాళ్ళ పద్ధతే. ఎడమ పక్కవాడి గొర్రె వెనక కాళ్ళు నీ మోకాలికి దగ్గరగా ఉంటాయి. అది తన్నుకుంటే నువ్వు పడతావు, నీది తన్నుకుంటే కుడి పక్కవాడు పడతాడు. పెద్దులు ఆ రోజు వరుసలో కూర్చోలేదు. ఎండ కళ్ళల్లో కొడుతోందని చెప్పి ముళ్ళకంపకు అవతల, అందరికీ వీపు పెట్టి ఒక్కడే కూర్చున్నాడు. రుమాల్లోంచి తన కత్తెర తీశాడు.

పొద్దున బాగానే సాగింది. ఉన్నిలో ఉండే జిడ్డు సంగతి అతను మర్చిపోయాడు. గొర్రె వెనక గొర్రె కత్తిరిస్తుంటే ఆ జిడ్డు చేతికి పట్టి, చుట్టుకున్న గొంగడి పీలికల్లోకి ఇంకింది. వదులు పట్టీ ఆ జిడ్డు మీద జారడం మొదలుపెట్టింది. జారినప్పుడల్లా ఆపి బిగించుకుంటున్నాడు. వెనకబడుతున్నాడు. వరుసలోంచి ఎవరో, పెద్దులు బావ గొర్రెను కత్తిరిస్తాండా, పెండ్లికి తయారుచేస్తాండా అన్నారు. అందరూ నవ్వారు. అతను తొందరపడ్డాడు.

అప్పుడతని ముందున్నది ఈనిన గొర్రె. పొట్ట కింద కత్తిరించేటప్పుడు ఒక చేత్తో పొదుగును కప్పి పట్టుకుంటారు. కాళ్ళను పక్కవాడు పడతాడు. అతనికి పక్కవాడు లేడు. గొర్రె వెనక కాలు విదిలించింది. పొదుగు మీది చెయ్యి తీసి కాలు పట్టుకున్నాడు. ఆ క్షణంలోనే పట్టీ అరచేతిలో గిర్రున తిరిగింది. కత్తెర మొన పోయి చన్నుకు తగిలింది.

నెత్తురు, పాలు కలిసి కారాయి. గొర్రె అరుపుకు వరుస మొత్తం ఆగింది. యాదయ్య కంప దాటి వచ్చాడు. ముందు గొర్రెను చూశాడు, పసుపు తెమ్మన్నాడు. తనే అద్ది, గుడ్డ అదిమిపట్టి, దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. నెత్తురు ఆగాక కింద పడి ఉన్న కత్తెర కనిపించింది. అది ఏమిటో తెలియక తీశాడు. రబ్బరు తొడుగు చూశాడు. పట్టీ చూశాడు. చుట్టిన పీలికలు ఊడదీసి, తన చెయ్యి అందులో పెట్టాడు.

సరిగ్గా సరిపోయింది. తోలు పట్టా నాలుగు వేళ్ళకూ, వంపు అరచేతికీ, కొలిచి పోసినట్టు సరిపోయింది. యాదయ్య కత్తెరను ఒకసారి మూశాడు, ఒకసారి తెరిచాడు. జానీ పేరు, అంగట్లో బేరగాళ్ళు, చెల్లెలింట్లో తిన్న అన్నం, అన్నీ ఆ ముఖంలో ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడటం పెద్దులు చూశాడు. తిట్టు కోసం చూశాడు. దెబ్బకైనా సిద్ధంగానే ఉన్నాడు.

"నా చెయ్యి కొలతకే చేయించినవ్ బావా" అన్నాడు యాదయ్య. మెల్లగా అన్నాడు, ఇంకెవరికీ వినపడకుండా. కత్తెర తీసి పెద్దులు ఒళ్ళో పెట్టి, గొర్రెను ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట కూర ముందు అందరూ జరిగి అతనికి చోటిచ్చారు. వాళ్ళకు తెలిసింది చెయ్యి సంగతే, కొలత సంగతి యాదయ్య చెప్పలేదు. మెత్తని ముక్కలు ఏరి పెద్దులు ఆకులో వేశారు. అలా ఏరి వేయడం ముసలివాళ్ళకు చేస్తారు. అతను లేచి చెయ్యి కడుక్కుని వచ్చేశాడు.

తర్వాత కత్తిరింపులకు ఎవరూ అతన్ని పిలవలేదు. అతని మంద వంతు వచ్చేసరికి కబురు పంపారు. పొద్దున్నే వస్తామని, నువ్వు కత్తెర పట్టే పనిలేదని, ఊరికె వచ్చి చేసి పోతామని. ఆ 'ఊరికె' రానే వచ్చింది. పెద్దులు ఇప్పుడు వద్దు, చలికాలం పోనీయండని తిరిగి కబురు పంపాడు. చలికాలం పోయింది. శివరాత్రి పోయింది. ఎండలు ముదిరాయి. ఊళ్ళో మందలన్నీ నున్నగా తిరుగుతుంటే పెద్దులు మంద మాత్రం ఉన్ని మోసుకుంటూ తిరిగింది. ఆ ఉన్నిలో పల్లేరుకాయలు, తుమ్మ ముళ్ళు, పేడ ఉండలు. గొర్రెలు మేత మానేసి నీడ దొరికిన చోట రొప్పుతూ నిలబడేవి. బాట మీద పోయేవాళ్ళు చూసి చూడనట్టు పోయేవాళ్ళు. పెద్దులు మందను ముందు దూరం బీళ్ళకు తోలేవాడు, తర్వాత గుట్ట వెనక్కు, ఎవరూ రాని చోటికి. కొత్తకోటలో టిప్పరు నడిపే కొడుకు ఎల్లేష్ ఫోన్ చేసి కత్తిరింపు అయిందా అంటే అయిందన్నాడు.

మృగశిర ముందు మొదటి వాన పడింది. పెద్ద వాన. ఉన్ని మొత్తం నీళ్ళు పట్టి, తెల్లారి చూస్తే సగం గొర్రెలు లేవలేక దొడ్లో బురదలో కూర్చుండిపోయాయి. కొన్నిటికి ముక్కులు కారుతున్నాయి. ఒక గొర్రె పిల్ల తల్లి కింద నలిగి చచ్చిపోయింది. గుర్వమ్మ దాన్ని తీసి గోడ పక్కన పెట్టింది. అన్నను పిలవమని ఆమె ఎన్నోసార్లు చెప్పి ఉంది. ఆ పొద్దు మాత్రం గొంతు పెంచలేదు.

"సిగ్గు నీది. గొర్లకెందుకు కప్పినవ్?"

పెద్దులు చెప్పుకుంటూ వచ్చినంతలో ఈ ఒక్కచోటే లేచి, దొడ్డి తలుపు దాకా పోయి వచ్చి కూర్చున్నాడు. గుర్వమ్మ లోపలి నుంచి చాయ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టి పోయింది. అతను తన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఈసారి వేడిగా ఉందని చెప్పలేదు.

ఆ పొద్దే ఎండ రాగానే మందను బాట పక్కకు, అందరూ పోయే చోటికి తోలాడు. ఉన్ని కొంచెం ఆరనిచ్చి, బాట వైపే ముఖం పెట్టి కూర్చుని, ఆ వదులు కత్తెరతోనే మొదలుపెట్టాడు. జిడ్డు పట్టినప్పుడల్లా ఆపి బూడిదతో చెయ్యి రుద్దుకున్నాడు. గుర్వమ్మ కాళ్ళు పట్టింది. ఆటోలు ఆగాయి, బండ్లు ఆగాయి. ఎవరో సెల్లులో ఫొటో తీసుకున్నారు. కత్తిరించిన గొర్రెల మీద మెట్లు, గడ్డి కోసినట్టు మెట్లు, పెద్దులు చెయ్యి కింద నలభై ఏళ్ళలో ఎప్పుడూ పడని మెట్లు. ఒక్కొక్క గొర్రె లేచి ఒళ్ళు దులుపుకుని పోతుంటే చెవులు కాలిపోయినట్టు ఉండేదట. అయినా వంచిన తల వంచినట్టే ఉంచి తర్వాతి గొర్రెను లాక్కున్నాడు.

యాదయ్య ఎప్పుడు వచ్చాడో చూడలేదు. పక్కన నీడ పడితే తెలిసింది. యాదయ్య తన కత్తెర తీసి, ఎడమ పక్కన, వరుసలో కూర్చున్నట్టే కూర్చుని, ఒక గొర్రెను పడుకోబెట్టాడు. పెద్దులు ముందున్న గొర్రె తన్నుకుంటే యాదయ్య చెయ్యి చాపి పట్టుకున్నాడు. యాదయ్యది తన్నుకుంటే పెద్దులు పట్టుకున్నాడు. పొద్దు వాలే దాకా అదే పని. లేచేటప్పుడు పెద్దులు, ఊరికె శ్రమ పడ్డవు బావా అన్నాడు. యాదయ్యకు అప్పుడు కోపం వచ్చింది. ఏడెనిమిది నెలల నుంచి ఆపుకున్న కోపం.

"ఊరికె ఎందుకు చేస్త? ఇది బదులు. వచ్చే దసరాకు నా మంద కాడికి నువ్వు రావాలె. కంప అవతల గాదు, నా పక్కన కూసోవాలె. గా కత్తెర నీ చెయ్యికి సరిచేయించుకొని రా. ఇంకొకటి, జానీకి నువ్వే చెప్పాలె. నేను చెప్పుకోను నా చెయ్యి మంచిగుందని. ఆడోళ్ళ లెక్క ఇంటింటికి సూపెట్టుకుంట తిరగనా?"

పోతూ పోతూ, బాట మీద ఆగి, ఆ గొర్రెను అమ్మలేదని, ఒక చన్ను ఎండినా రెండో దానితో పిల్లను సాకిందని చెప్పాడు. పెద్దులు అడగలేదు. అడిగే మొహం లేదు.

ఇది జరిగి చాలా రోజులయింది. దసరా దగ్గరపడుతోంది. పెద్దులు ఈ మధ్యలో జానీ కోసమని కోస్గికి పోయాడు. బస్టాండులో దిగి, దుకాణంలో వెల్డింగు వెలుగు కనిపించగానే తిరిగి ఆటో ఎక్కాడు. మరోసారి పోయి, దుకాణం ముందు మనుషులు ఉన్నారని, ఉప్పు కొనుక్కుని వచ్చాడు. ఇంట్లో ఇప్పుడు ఉప్పుకు కొదవ లేదని గుర్వమ్మ అంది.

బయట ఆటో హారను వినపడింది. వచ్చిన మనిషి లేచి చెప్పులు వేసుకుంటుంటే పెద్దులు కూడా లేచాడు. గూట్లోంచి గుర్వమ్మ వడికిన నల్ల ఉన్ని దారం ముక్క తీశాడు. దానికి రెండు ముడులు వేసి ఉన్నాయి. ఎప్పుడో వేసి పెట్టుకున్నట్టున్నాడు, ముడులు నలిగి ఉన్నాయి. కత్తెరను రుమాల్లో చుట్టి, దారం దాని మీద పెట్టి, రెండూ చేతికిచ్చాడు.

"కోస్గిల బస్సెక్కుతవు గద బిడ్డా. జానీ దుకాణం బస్టాండు ఎనుకనే. గీ కత్తెర, గీ దారం ఇయ్యి. మొదటి ముడి దాక అరచెయ్యి, గాడికెల్లి రెండో ముడి దాక వేళ్ళ చుట్టు. ఎవరి చెయ్యి అని అడుగుతడు. పెద్దులు చెయ్యి అని చెప్పు. అప్పుడు యాదయ్యకని చేసింది గూడ పెద్దులుకే అని చెప్పు. యాదయ్య చెయ్యి సక్కగున్నదని అంగట్ల నలుగురు ఇనేటట్టు అనుమను. నవ్వుతడు. నవ్వనీ. నవ్విండని మాత్రం నాకొచ్చి చెప్పకు."